బ్లాక్ లెటర్ అంటే ఏ బ్లాక్?

మా కాలనీ క్రికెట్ టోర్నమెంటు సర్టిఫికెట్ల కోసం మొన్న డీటీపీ షాపుకి వెళ్ళాను. పాతకాలం బైబిళ్ళలో కోసుగా, ఒత్తుగా, నల్లగా ఉంటుందే ఆ ఇంగ్లీషు రాత, శీర్షిక దాంట్లో కావాలని కాగితం మీద "బ్లాక్ లెటర్‌లో" అని తెలుగులో రాసిచ్చి వచ్చాను. సాయంత్రానికి మొత్తం మామూలు కేపిటల్ అక్షరాల్లో కొట్టి పెట్టాడు. అతన్ని ఏమనగలం? "బ్లాక్ లెటర్స్‌లో పూరించండి" అన్న ఫారాలు నింపుతూనే కదా అందరం పెరిగాం. ఆ బ్లాక్ దిమ్మ, ఈ బ్లాక్ నలుపు, మన లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటే.

పోనీ గోతిక్ అందామా? ఇటలీ పండితులు ఈ రాత అనాగరికమని వెక్కిరిస్తూ తగిలించిన పేరది, 410లో రోమ్‌ని దోచిన గోత్ అనే తెగవాళ్ళు దీన్ని ఎప్పుడూ రాయలేదు. పైగా ఫాంట్ల లిస్టులో గోతిక్ అని వెతికితే సెంచరీ గోతిక్, ఫ్రాంక్లిన్ గోతిక్ వస్తాయి, అవేమో ఏ అలంకారం లేని సాదా అక్షరాలు. మనకి కావలసింది "ఓల్డ్ ఇంగ్లిష్ టెక్స్ట్" పేరుతో ఉంటుంది. అదీ తప్పు పేరే, ఓల్డ్ ఇంగ్లిష్ అనే భాష 1100 ప్రాంతానికే ముగిసింది, ఈ రాత జోరందుకున్నది ఆ తర్వాత.

వెడల్పు మొన ఉన్న ఈక కలంతో నిలువు గీతలు పక్కపక్కనే లాగుతారు కాబట్టి పేజీ అంతా నల్లబడుతుంది. 'మినిమమ్' అని ఇంగ్లీషులో రాస్తే వరసగా 15 నిలువు గీతలే, ఏ అక్షరం ఎక్కడ ఆగిందో చుక్కలు లేకపోతే దేవుడికే తెలియాలి. 1455 ప్రాంతంలో జర్మనీలోని మైన్జ్‌లో గూటెన్‌బర్గ్ అచ్చేసిన, పేజీకి 42 వరుసల బైబిల్ ఈ తరహానే.

దీనికి తెలుగులో ఏమనాలి?

> నల్లచ్చు అంటే సరిపోదాండీ?

బోల్డ్ అనుకుంటారు సార్.

> గూటెన్‌బర్గ్ వాడినదాన్ని టెక్స్టూరా అంటారు, లాటిన్‌లో నేత అని అర్థం. మాది మగ్గాల ఇల్లు, ఆ గీతలు చూస్తే నాకు పడుగే గుర్తొస్తుంది. పడుగు రాత అనండి.

అబ్బ, భలే ఉందమ్మా! ఒక్కటే చిక్కు, 1941లో ప్రభుత్వం వద్దనేదాకా జర్మన్లు వాడిన ఫ్రాక్టూర్ కూడా ఈ కుటుంబమే. ఆ పేరుకి విరిగినది అని అర్థం, దాని వంపులు విరిచినట్టుంటాయి, అక్కడ పడుగు కనిపించదు. టెక్స్టూరా వరకైతే నేను ఇవాళ్టి నుంచే వాడేస్తా.

> ఇంతకీ సర్టిఫికెట్లు ఏమయ్యాయన్నా?

ఫాంట్ మార్చాడు గానీ కేపిటల్స్ అలాగే ఉంచేశాడు. ఈ రాతలో మాటకి మొదట ఒక్కటే పెద్దక్షరం ఉండాలి, అన్నీ పెద్దవే పేరిస్తే ముగ్గులా తయారవుతుంది. మా వాళ్ళెవరూ టోర్నమెంటు పేరు చదవలేకపోయారు. ఫోన్‌లో బొమ్మ చూపించి మళ్ళీ కొట్టించాను.