మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఆరు రోజులుంటే టీ కణాలు (రోగనిరోధక తెల్లకణాలు) సగం చనిపోతున్నాయి, సలహా కావాలి

తిరుపతిలో ఇమ్యునాలజీ పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. క్యాన్సర్ రోగుల టీ కణాల మీద పీడీ-1 (వాటి దాడికి బ్రేకు వేసే ప్రోటీన్) ఎంతుందో చూడటం నా పని. కీమో మొదలుకాకముందు తీసిన 10 మి.లీ. రక్తం అది, మళ్లీ అడిగి తీసుకోలేం. అందుకే ఒక్క వయల్ పోయినా ప్రాణం ఉసూరుమంటోంది.

హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో వచ్చిన రక్తాన్ని 3 గంటల్లోపే ఫైకాల్ (తెల్లకణాలను వేరుచేసే ద్రవం, సాంద్రత 1.077) మీద వేసి, సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ దగ్గర 30 నిమిషాలు బ్రేక్ లేకుండా తిప్పుతాను. అప్పుడు ట్రిపాన్ బ్లూలో (చచ్చిన కణాలకే పట్టే రంగు) 95 శాతం బతికే ఉంటాయి. 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్ఓలో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రావకం) వయల్‌కి కోటి కణాల చొప్పున, నిమిషానికి ఒక డిగ్రీ తగ్గే డబ్బాలో పెట్టి మైనస్ 80లో ఉంచుతాను. మర్నాడే కరిగిస్తే 88 శాతం. మాకు ద్రవ నైట్రోజన్ శనివారమే వస్తుంది, అప్పటిదాకా ఆగిన వయల్స్‌లో 45 నుంచి 55.

కొత్త డీఎంఎస్ఓ, వేరే లాట్ సీరం మార్చాను. 37 డిగ్రీల్లో కరిగించి గోరువెచ్చటి ఆర్‌పీఎంఐ (కణాలకు పోషక ద్రవం) చుక్కచుక్కగా కలిపాను. డీఎన్‌ఏజ్ (చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్‌ఏను కోసే ఎంజైమ్) వేస్తే ముద్దకట్టడం తగ్గింది గానీ బతికేవి పెరగలేదు. మే నెలలో కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ మైనస్ 68 చూపించడం రెండుసార్లు గమనించాను, కానీ ఆ వారాల్లో పెట్టనివి కూడా ఇలాగే పోయాయి.

నైట్రోజన్ లేకుండా వారం దాకా మైనస్ 80లోనే దాచి, కరిగించాక 80 శాతం పైన నిలబెట్టుకున్నవాళ్లు ఏ ద్రావణంలో గడ్డకట్టించారు?