గదిలో మోత తగ్గించే ట్రీట్‌మెంట్ లేకపోతే కండెన్సర్ మైకు కొనకూడదా?

కథాస్వరం:
గది 10×12 అడుగులు, టైల్స్ నేల, నున్నటి గోడలు, పైన ఫ్యాన్. ఆడియో కథలు చదవడానికి మైకు కావాలి. మైకుని కంప్యూటర్‌కి కలిపే స్కార్లెట్ సోలో ఉంది. కండెన్సర్ రకం మైకు సున్నితం కాబట్టి గదంతా లాగేస్తుంది, అంత సున్నితం కాని డైనమిక్ రకమే కొనమని చాలామంది అంటున్నారు. కండెన్సర్ ఏటీ2020 మంచిదా, డైనమిక్ ఎస్ఎం58 మంచిదా?

తీగలపెట్టె:
ఎస్ఎం58. నోటికి 5 సెం.మీ. దూరంలో పెట్టి చదవండి, గది పెద్దగా వినపడదు. ఆ గదిలో కండెన్సర్ పెడితే ప్రతి మాటకీ గది మోత తోకలా ఉంటుంది.

నాదబిందు:
తోక వచ్చేది దూరం వల్లండీ, కండెన్సర్ వల్ల కాదు. రెండూ కార్డియాయిడ్లే, అంటే ముందువైపు శబ్దం బాగా పట్టి వెనకది వదిలేసేవే. ఒక పాస్కల్ ధ్వని ఒత్తిడికి ఏటీ2020 ఇచ్చేది 14.1 మిల్లీవోల్టులు, ఎస్ఎం58 ఇచ్చేది 1.85. అంటే దాదాపు 18 డెసిబెళ్ల తేడా. గెయిన్ (స్కార్లెట్‌లో మైకు శబ్దం పెంచే మీట) తగ్గించకుండా మైకు మారిస్తే ఫ్యాన్ చప్పుడు పెరిగినట్టే ఉంటుంది, కానీ గొంతూ అంతే పెరిగింది. రెండు మైకులూ 15 సెం.మీ. దూరంలో పక్కపక్కన పెట్టి, ఒకే పేరా చదివి, గొంతు స్థాయి సమానం చేశాక మాటల మధ్య ఖాళీలు వినండి. పెద్ద తేడా ఉండదు. దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, గది మోత మాత్రం అంతే ఉంటుంది.

తీగలపెట్టె:
లెక్క ఒప్పుకుంటాను. కానీ 5 సెం.మీ.లో ఏటీ2020 నిలబడదు. ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి మైకులోని పల్చని పొర డయాఫ్రంని కొడుతుంది. ఎస్ఎం58కి జాలీలోనే ఫోమ్ ఉంది. పైగా 15 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాలని అది పెద్దగా పట్టదు.

నాదబిందు:
అందుకే ఏటీ2020ని 12 సెం.మీ.లో, మధ్యలో గాలి దెబ్బ ఆపే పాప్ ఫిల్టర్‌తో, నోటికి కాస్త పక్కగా పెట్టాలి. 80 హెర్ట్జ్ దగ్గర, కింది మోత కోసే హైపాస్ ఫిల్టర్ వేస్తే, మైకు దగ్గరగా ఉండటం వల్ల గొంతుకి వచ్చే బరువు తగ్గుతుంది. ఏటీ2020 సొంత హిస్ (మైకులోంచే వచ్చే సన్న చప్పుడు) 20 డెసిబెళ్లు, అంత తక్కువేమీ కాదు. అయినా ఫ్యాన్ తిరిగే గదిలో ఏ మైకు హిస్సూ బయటపడదు.

బల్లమీద చిన్న స్టాండు పెడితే అసలు తప్పు దానిదే. మైకు కిందనుంచి నోటివైపు చూస్తే ఫ్యాన్‌వైపు కూడా చూస్తుంది. కార్డియాయిడ్ వీపు చెవిటిది, ఆ వీపు ఫ్యాన్‌కి తిప్పాలి. బూమ్ ఆర్మ్‌తో (మైకుని పట్టుకునే పొడవాటి చేయి) పైనుంచి వంచి పెట్టండి, బల్లమీద మందపాటి తువ్వాలు పరవండి. మోత పీల్చడానికి బొంత కడితే, మైకు వెనక కట్టి లాభం లేదు, చదివేవారి వీపు వెనక గోడకి కట్టాలి. మైకు ముఖం చూసేది ఆ గోడనే.

కథాస్వరం:
సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

నాదబిందు:
ఆడియోబుక్కులకి ఏసీఎక్స్ (ఆడిబుల్ వారి ఆడియోబుక్ వేదిక) పెట్టిన కొలత వాడండి: సగటు స్థాయి (ఆర్ఎంఎస్) మైనస్ 23కీ మైనస్ 18 డెసిబెళ్లకీ మధ్య, శిఖరం మైనస్ 3 దాటకూడదు, నిశ్శబ్దం మైనస్ 60 కంటే కింద. ముందు 10 సెకన్లు మాట్లాడకుండా రికార్డు చేసి, తర్వాత చదవండి. మొత్తం ఫైలుని ఒకేసారి ఆ సగటు స్థాయికి పెంచి, ఆ తర్వాతే మొదటి 10 సెకన్లు కొలవండి. ఫ్యాన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి.

తీగలపెట్టె:
ఏటీ2020 కొనేట్టయితే ఆర్మ్‌కీ పాప్ ఫిల్టర్‌కీ కూడా డబ్బు లెక్కేసుకోండి. ఆ రెండూ కుదరకపోతే నా మాట ఎస్ఎం58కే.