రొయ్యల చెరువు లెక్కలు ఏఐ యాప్‌కి ఇవ్వాలా, మన దగ్గరే ఉంచుకోవాలా?

ఆకివీడు గట్టు:
అందరికీ నమస్కారమండి. మా వైపు రొయ్యల చెరువులున్న కొంతమంది రైతులం ఒక గ్రూపుగా ఉన్నాం. సీడు (రొయ్య పిల్లలు), మేత కలిసి కొంటాం. వచ్చే పంటకి సీడు దించే లోపు ఒక సంగతి తేల్చుకోవాలి.

ఒక మేత కంపెనీ వాళ్లు వచ్చి ఏఐ యాప్ ఉచితంగా ఇస్తామన్నారు. రోజూ మేత ఎంత వేశాం, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంత, పీహెచ్ ఎంత, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, వలేసి చూస్తే ఎంత కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, ఇవన్నీ అందులో ఎక్కించాలి. రొయ్య ఫోటో పెడితే జబ్బేమిటో చెబుతుందట. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తుందట.

మా గ్రూపులోనే సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాడు ఇంకో దారి చూపించాడు. ఓడీకే అని ఓపెన్ సోర్స్ యాప్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే యాప్ ఉంది. ఫారం మనకి కావలసినట్టు మనమే చేసుకోవచ్చు. గట్టు మీద సిగ్నల్ లేకపోయినా నింపొచ్చు, సిగ్నల్ దొరికాక పంపొచ్చు. లెక్కలు ఎక్సెల్ లాంటి ఉచిత ప్రోగ్రాం లిబ్రే ఆఫీసులో తెరిచి చూసుకోవచ్చు. సలహాలు మాత్రం ఏమీ రావు.

నా మాట ముందే చెప్పేస్తాను. నేను కంపెనీ యాప్‌కి ఒప్పుకోను. రొయ్య రేటు కౌంటుని బట్టే కదండీ. ఏ చెరువులో ఎంత కౌంటు ఉంది, ఏది పట్టుబడికి దగ్గర పడింది, ఏ చెరువు ఇబ్బందిలో ఉండి రైతు తొందరపడుతున్నాడు, ఇవన్నీ మేత అమ్మేవాడికి తెలిసిపోతాయి. వాళ్లు ఆ లెక్కలు కొనుగోలుదారులకి ఇవ్వరని ఏముంది? అడిగితే కాగితం మీద రాసివ్వలేదు. మన జుట్టు మనమే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది.

కౌలు రైతు, ఉండి:
మీకు సొంత చెరువులండి, మాట్లాడతారు. నేను కౌలుకి చేస్తున్నాను. ఇప్పుడు నాకు సలహా ఎవరిస్తున్నారు? మేత డీలరు పంపే టెక్నీషియన్. వస్తాడు, నీళ్లు చూస్తాడు, ఒక ప్రోబయోటిక్, ఒక మినరల్ బస్తా రాసి వెళ్తాడు. ఆయనకీ అమ్మకం టార్గెట్ ఉంటుంది. యాప్‌ని అనుమానించే మీరు ఈయన్ని ఇన్నేళ్లుగా ఎందుకు అనుమానించలేదు?

అర్ధరాత్రి దాటాక రొయ్య పైకి తేలి గట్టు వారకి వచ్చేస్తుంటే ఫోను ఎత్తే మనిషి ఉండడు. యాప్ అయితే జవాబిస్తుంది. నాకు చదువు అంతంతమాత్రం, ఫారాలు నింపలేను. మాట్లాడమంటే మాట్లాడతాను. లెక్కలు దాచుకోవడం పెద్ద రైతులకి ముఖ్యం కావచ్చు. నాకు ఈ పంట గట్టెక్కడం ముఖ్యం.

ల్యాబ్ మనిషి, భీమవరం:
ఆక్వా ల్యాబులో పనిచేస్తున్నాను. కౌలు రైతు గారు టెక్నీషియన్ గురించి అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా యాప్ ఆ ఖాళీని పూరిస్తుందంటే ఒప్పుకోలేను.

ముందు ఫోటో సంగతి. పెంకు మీద తెల్ల మచ్చలు కనిపిస్తే వైట్ స్పాట్ వైరసే అనుకోవడానికి లేదండి. పీహెచ్, హార్డ్‌నెస్ బాగా ఎక్కువున్న నీళ్లలోనూ మచ్చలొస్తాయి. కొన్ని బాక్టీరియాల వల్ల కూడా వస్తాయి. ఫోనుతో తీసిన ఫోటోలో ఇవి ఒకేలా ఉంటాయి. రెండు చెరువుల రొయ్య పక్కపక్కన పెడితే నా కంటికే తేడా తెలియక పీసీఆర్‌కి, అంటే వైరస్‌ని పట్టే ల్యాబు పరీక్షకి పంపుతుంటాను. వైరస్ కానిదాన్ని వైరస్ అని చెబితే రైతు భయపడి రొయ్య పెరిగి చిన్న కౌంటు రాకముందే, వంద కౌంటు దగ్గరే పట్టేసి నష్టపోతాడు. వైరస్ ఉండగా లేదని చెబితే నీళ్లు కాలవలోకి వదిలేస్తాడు, దిగువన ఉన్న చెరువులన్నిటికీ అంటుకుంటుంది. రెండో తప్పు ఆయన ఒక్కడితో పోదు.

ఈమధ్య ఒక రైతు ఏదో చాట్‌బాట్ ఇచ్చిన జవాబు ఫోనులో చూపించాడు. తెలుగు చక్కగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. వైట్ స్పాట్‌కి ఫలానా యాంటీబయాటిక్ మేతలో కలపమని ఉంది, మోతాదుతో సహా. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అసలు వైట్ స్పాట్‌కి మందే లేదు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి రొయ్యల సాగులో నిషేధం. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. అప్పుడు ఆ జవాబుకి పూచీ ఎవరు? కెనడాలో ఎయిర్ కెనడా విమాన సంస్థ చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ తగ్గింపు గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకి మా బాధ్యత లేదన్నట్టు కంపెనీ వాదిస్తే, 2024లో అక్కడి ట్రిబ్యునల్ ఒప్పుకోక పరిహారం కట్టించింది. మన రైతు అంత దూరం వెళ్లి పోట్లాడగలడా?

ఇంకొకటి. సముద్రానికి దూరంగా ఉన్న మన చెరువుల్లో ఉప్పుదనం తక్కువ. బోరు నీళ్లలో పొటాషియం తక్కువ ఉంటుంది. మనం పెంచే వెనామీ రకం రొయ్యకి ఉప్పు ఎంతుందన్నదొక్కటే కాదు, సోడియానికి పొటాషియం ఏ పాళ్లలో ఉందన్నది కూడా ముఖ్యం. ఉప్పునీటి చెరువుల సలహా ఇక్కడ వేస్తే కుదరదు. అమ్మోనియా కూడా అంతే. అదే రీడింగు పొద్దున పీహెచ్ 7.6 ఉన్నప్పుడు పెద్ద ప్రమాదం కాదు. మధ్యాహ్నం ఎండకి నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసి పీహెచ్ 8.8కి వెళ్లాక అదే రీడింగు రొయ్యని చంపేయగలదు. నీళ్లు ఎన్ని గంటలకి పట్టారు అని మా ల్యాబులో మొదటి ప్రశ్న. ఇందాక చెప్పిన రైతు ఫోనులో చాట్‌బాట్‌తో జరిగిన సంభాషణ మొత్తం చదివాను. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు.

తణుకు పెంగ్విన్:
ఆకివీడు గారికి ఒక చిన్న సూచన. ఆ యాప్ వాళ్లు మాది ఓపెన్ మోడల్ (మోడల్ అంటే యాప్ వెనకుండే ఏఐ ప్రోగ్రాం) అని చెబితే అక్కడితో ఆగకండి. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ వాళ్లు 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఏఐ అంటే ఏమిటో ఒక నిర్వచనం ఇచ్చారు. మోడల్ దింపుకోనిస్తే చాలదు, దేనితో ఎలా శిక్షణ ఇచ్చారో తగినంత వివరం, కోడ్ కూడా ఇవ్వాలి. ఓపెన్ అని పేరు పెట్టుకున్న చాలా మోడళ్లు దానికి సరిపోవు.

మూసిన పెట్టెలో లెక్కలు పెడితే ఏమవుతుందో తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మా నాన్నగారిది ప్రింటింగ్ ప్రెస్సు. శుభలేఖలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, ఊరి స్కూలు సావనీర్లు, అన్నీ అప్పటి డీటీపీ ఫాంట్లలో చేసినవి. ఆ ఫైళ్లు ఇవాళ తెరిస్తే తెలుగు ఉండదు, డాలర్ గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలూ కలగాపులగంగా వస్తాయి. అవి చదవాలంటే అదే ప్రోగ్రాం, అదే పాత కంప్యూటర్ ఉండాలి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలు మాత్రం అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతిలో ఉన్నాయి కాబట్టి ఏ ఫోనులో తెరిచినా చదువుకోవచ్చు. రేపు ఆ కంపెనీ యాప్ ఆపేస్తే మీ పంటల చరిత్ర ఏ రూపంలో మీ చేతికొస్తుందో అడగండి. ఏ లెక్కల ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా ఇస్తామంటే సరే. స్క్రీన్‌షాట్లు తీసుకోండి అంటే దండం పెట్టి పంపేయండి.

గ్రూపు పాత ల్యాప్‌టాప్ విండోస్ 10 అయితే దానికి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది. పారేయక్కర్లేదు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేస్తే ఈ పనికి సరిపోతుంది.

అమలాపురం రామం:
అందరూ ఓపెన్ సోర్స్‌ని మరీ ఎత్తేస్తున్నారు. ఆ కుర్రాడు రేపు హైదరాబాదులో ఉద్యోగం వస్తే వెళ్లిపోతాడు. అప్పుడు ఆ ఫారం ఎవరు సరిచేస్తారు? 2024లో ఎక్స్‌జెడ్ సంగతి గుర్తుంది కదా. ప్రపంచంలో ఎన్నో సర్వర్లలో ఉండే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం, దాన్ని చూసేది అలసిపోయిన ఒక్క మనిషి. సాయం చేస్తానంటూ వచ్చి నమ్మకం సంపాదించినవాడు అందులో దొంగ దారి పెట్టాడు. ఊరికే వచ్చేదానికీ పూచీ ఉండదండి.

తణుకు పెంగ్విన్:
రామం గారూ, ఎక్స్‌జెడ్ సంగతి మీరు చెప్పిందే. అది బయటపడిన తీరు కూడా చెప్పాలి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ అవడానికి మామూలుకంటే అరసెకను ఎక్కువ పడుతోందని పట్టుకుని, ఎందుకని తవ్వుకుంటూ పోయాడు. కోడ్ తెరిచి ఉంది కాబట్టి తవ్వగలిగాడు. మూసిన యాప్‌లో అలాంటిది ఉంటే మన దాకా రాదు.

చూసే మనుషులు తక్కువన్నది మాత్రం నిజమైన జబ్బు. ఏఐ దాన్ని ఇంకా పెంచుతోంది. కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ చాట్‌బాట్లతో రాయించిన లేనిపోని లోపాల రిపోర్టులు చదవలేక చస్తున్నామని ఎన్నోసార్లు రాశాడు. జెంటూ అనే లైనక్స్ తయారుచేసేవాళ్లయితే 2024లో ఏఐ రాసిన కోడ్ తీసుకోమని తీర్మానమే చేశారు. మీ గ్రూపులో ఫారం మార్చడం ఇద్దరికి నేర్పండి. ఎక్సెల్ తెలిసినవాళ్లకి అదేం పెద్ద పని కాదు.

రాజోలు నుంచి:
మా చెరువుల లెక్క నేనే రాస్తాను, మా ఆయన గట్టు చూసుకుంటారు. మీరంతా యాప్ ఎవరిదన్న దాని మీదే మాట్లాడుతున్నారు. అది ఎన్నిసార్లు మోగుతుందో ఎవరూ అడగలేదు.

మేం ఇలాంటిదే ఒకటి వాడి తీసేశాం. రేటు పెరిగిందని మోగేది, కొత్త మందు వచ్చిందని మోగేది, పక్క మండలంలో జబ్బు వచ్చిందని మోగేది. ఆయన ట్రే దగ్గర నిలబడి ఫోను చూస్తుండేవారు. ట్రే పైకెత్తితే ఎన్ని సంగతులు తెలుస్తాయండీ. మేత ఎంత మిగిలిందో, రెట్ట రంగు ఎలా ఉందో, రొయ్యని వెలుతురుకి పట్టుకుంటే పేగు గీత నిండుగా ఉందో మధ్యలో తెగి ఉందో. మీసాలు విరిగాయా, తోక ఎర్రబడిందా. ఇది రోజూ చూసే కంటికే అలవాటవుతుంది. ఫోటో తీసి పంపేసి జవాబు కోసం చూడటం మొదలుపెట్టాక ఆయన కన్ను మొద్దుబారడం నేను పక్కనుండి చూశాను. నాకు అదే భయం వేసింది.

తెల్లవారుజామున డీఓ పడిపోతే మోగాలి. రాత్రంతా నాచు కూడా గాలి పీల్చుకుంటుంది కాబట్టి పడేది అప్పుడే. కరెంటు పోయి, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే మోగాలి. ఆ రెండూ తప్ప నా ఇంట్లో ఇంకేదీ మోగక్కర్లేదు. కరెంటు పోతే కూసే సైరన్‌కి ఏ ఏఐ అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్ బిగించి వెళ్తాడు.

ఆకివీడు గట్టు:
రాజోలు అమ్మగారూ, మీరు చెప్పింది మా మీటింగులో చదివి వినిపిస్తాను.

కౌలు రైతు గారూ, ఓడీకేలో నోటిమాట రికార్డు చేసి పంపే ప్రశ్న కూడా పెట్టొచ్చని మా కుర్రాడు చెప్పాడు. మీరు గట్టు మీద నిలబడి చెప్పండి, మా అమ్మాయి విని అంకెలు ఎక్కిస్తుంది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్లు తెలుగు మాటని అక్షరాల్లోకి మార్చే మోడళ్లు అందరూ వాడుకునేలా ఇచ్చారట. మన ల్యాప్‌టాప్‌లోనే నడిస్తే ఆ పనికి ఏఐని వాడటానికి నాకేం అభ్యంతరం లేదు. విన్నది రాసిపెడుతుంది, మనం సరిచూసుకుంటాం. మందు రాయడం మాత్రం దాని పని కాదు.

కౌలు రైతు, ఉండి:
మాట రికార్డు చేయడం బాగుందండి. కానీ నేను అడిగినదానికి జవాబు రాలేదు. రాత్రి రొయ్య తేలితే ఎవరు ఫోను ఎత్తుతారు?

ల్యాబ్ మనిషి, భీమవరం:
నేను ఒక్కడినే రోజూ ఎత్తలేను. ఏ కంపెనీ సరుకూ అమ్మని ల్యాబు వాళ్లం ఇద్దరం ముగ్గురం ఉన్నాం. గ్రూపు తరఫున నెలకింత అని ఇస్తే రాత్రి డ్యూటీ వంతులు వేసుకుంటాం. పాత లెక్కలు మా ముందుంటే ఫోనులోనే చాలావరకు చెప్పగలం. లెక్కలు లేకుండా అర్ధరాత్రి ఫోను చేస్తే మేమూ ఆ యాప్ లాగే ఊహించి చెప్పాలి.

ఆకివీడు గట్టు:
ఇది బాగుంది. ఆదివారం మీటింగు పెడుతున్నాం, మీరిద్దరూ రండి. యాప్ కంపెనీ మనిషిని కూడా పిలిచాను. లెక్కలు ఎవరికీ ఇవ్వమని రాసిస్తారా, సీఎస్‌వీ ఇస్తారా, మందు పేరు చెప్పినప్పుడు పూచీ ఎవరిది, ఈ మూడూ అందరి ముందూ అడుగుతాను.

కౌలు రైతు, ఉండి:
వస్తానండి. ఆ రాత్రి డ్యూటీ డబ్బు ఎకరం లెక్కన వేస్తారా, మనిషి లెక్కన వేస్తారా? మనిషి లెక్కన అయితే మా లాంటి చిన్నవాళ్లం మోయలేం. అది తేలేదాకా నేను యాప్ వద్దని చేయెత్తను.