ఓపెన్ సోర్స్ ఇంటర్‌ఫేస్‌లు వాడటానికి ఇంత ఇబ్బందిగా ఉండటానికి కారణం డెవలపర్లేనా?

లత_డిజైన్:
జింప్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ఫొటో ఎడిటర్‌లో జేపీజీ ఫొటో తెరిచి, చిన్న మార్పు చేసి కంట్రోల్ ఎస్ నొక్కండి. ఎక్స్‌సీఎఫ్ అనే తన సొంత ఫార్మాట్‌లోనే సేవ్ చేస్తానంటుంది. జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లాలి. 2012లో 2.8 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఇంతే. కొత్తవాళ్లు ఇక్కడే విసిగిపోతున్నారు. డెవలపర్లు తమకు అలవాటైన పద్ధతినే అందరి మీదా రుద్దుతున్నారని నా అభిప్రాయం. మీరేమంటారు?

మూర్తి_సీప్లస్:
జేపీజీలో లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన విడి పొరలు) నిలవవు. పొరపాటున అలా సేవ్ చేసి మూసేస్తే చేసిన పనంతా పోతుంది. అది ఆలోచించి పెట్టిన జాగ్రత్త. పైగా ఫైల్ మెనూలో పాత జేపీజీ మీదే సేవ్ చేసే ఓవర్‌రైట్ ఉంది, చూడలేదా?

పావని:
ఓవర్‌రైట్ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.

లత_డిజైన్:
చూశారా మూర్తి గారూ, నేననేది అదే. లేయర్లే లేని ఫొటోకి ఆ జాగ్రత్త ఎందుకు?

మూర్తి_సీప్లస్:
లేయర్లు ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా పనిచేసే షార్ట్‌కట్‌ని ఎలా నమ్మాలి? మీరు దానికి జవాబు చెప్పండి.

రఫీ:
ఇద్దరూ కంట్రోల్ ఎస్ వదలరా? 3డీ బొమ్మలు, యానిమేషన్ చేసే బ్లెండర్ 2.80 చూడండి. 2019లో ఎడమ క్లిక్‌తో సెలెక్ట్ చేయడం డిఫాల్ట్ చేశారు, పాతవాళ్ల కోసం కుడి క్లిక్ సెట్టింగ్ ఉంచారు.

లత_డిజైన్:
బ్లెండర్‌కి ఫౌండేషన్ ఉంది, జీతాలిచ్చే డబ్బుంది. అక్కడ సినిమాలు తీసే ఆర్టిస్టుల మాట నేరుగా డెవలపర్ల చెవిన పడుతుంది. మిగతాచోట్ల? ఒక ప్రాజెక్టుకి సెట్టింగ్స్ పేజీ మొత్తం మళ్లీ గీసి ఇచ్చాను. కొత్త యూజర్ల చేత వాడించి, ఎక్కడ తడబడ్డారో రాసి పెట్టాను. "ప్యాచ్ పంపండి", అంటే మార్చిన కోడ్ పంపండి, అని ఒక్క ముక్క రాసి నేను పెట్టిన ఇష్యూ మూసేశారు. కోడ్ రాయకపోతే మేం చేసేది పనే కాదా?

మూర్తి_సీప్లస్:
నా బాధా వినండి. నేను నడిపే చిన్న యాప్‌లో ఒక డిజైనర్ చెప్పినట్టే టూల్‌బార్ మార్చాం. బటన్ల మీద అక్షరాలు తీసేసి బొమ్మలు పెట్టమన్నారు. రిలీజ్ అయిన రోజు నుంచి తిట్లే. ఆ డిజైనర్ మళ్లీ కనిపించలేదు. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి లేబుళ్లు వినిపించడం లేదంటే నెలల తరబడి కూర్చుని సరిచేసింది మేమే. 2011లో లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 3లో మినిమైజ్ బటన్ తీసేశారు, గుర్తుందా? డెస్క్‌టాప్ తీరే మార్చేశారని కోపం వచ్చినవాళ్లు పాతదాన్ని ఫోర్క్ చేసి (కోడ్ కాపీ తీసుకుని విడిగా) మేట్ అని నడుపుకుంటున్నారు. గ్నోమ్ 3ని గీసింది డిజైనర్లే కదా!

లత_డిజైన్:
ఎవరో వెళ్లిపోయారని నా పని చూడకుండానే మూసేస్తారా?

నిర్వాహకులు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

లత_డిజైన్:
సూటిగా అడుగుతాను. కోడ్ రాయనివాళ్లకి మర్జ్ (కొత్త కోడ్‌ని ప్రాజెక్టులో కలపడం) ఆపే అధికారం ఇస్తారా, ఇవ్వరా? సలహా అడిగి పక్కన పెట్టడం గురించి కాదు నేనడిగేది.

మూర్తి_సీప్లస్:
రిలీజ్ తర్వాత కూడా ఉండి, బగ్ రిపోర్టులకు జవాబు చెప్పేవాళ్లకైతే ఇస్తాను. గీసి ఇచ్చి వెళ్లేవాళ్లకి ఇవ్వను. నాకూ కమిట్ హక్కు, అంటే ప్రాజెక్టు కోడ్‌ని నేరుగా మార్చే హక్కు, ఊరికే రాలేదు. ప్యాచ్‌లు పంపి పంపి సంపాదించుకున్నాను.

లత_డిజైన్:
ప్యాచ్‌లకి వచ్చింది. వైర్‌ఫ్రేమ్‌లు (స్క్రీన్ల నమూనా గీతలు) పంపినవాళ్లకి వచ్చిన ప్రాజెక్టు ఒక్కటి చూపించండి.

రఫీ:
సంగీత స్వరలిపి రాసే మ్యూజ్‌స్కోర్. దాని ఇంటర్‌ఫేస్‌ని వీడియోలో ఉతికి ఆరేసిన డిజైనర్‌కే తర్వాత డిజైన్ బాధ్యత అప్పగించారు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 4వ వెర్షన్ ఆయన ఆధ్వర్యంలోదే.

మూర్తి_సీప్లస్:
అక్కడా జీతం ఉంది. ఖాళీ టైంలో ఇద్దరు ముగ్గురు నడిపే ప్రాజెక్టుకి అది కుదరదు.

లత_డిజైన్:
నాదీ ఖాళీ టైమే మూర్తి గారూ. మీ ప్రాజెక్టు పరిచయ ఫైల్ రీడ్‌మీలో కోడ్ ఎలా పంపాలో ఉంటుంది. డిజైన్ ఎలా పంపాలో, దాన్ని ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంటే నిర్ణయాల్లో మాట చెల్లుతుందో కూడా రాసి పెట్టండి. రాశాక నన్ను అడగండి, ఉంటానో వెళ్తానో.