డీప్ పర్పుల్ వీడ్కోలు సెట్‌లిస్ట్: మధ్యలో ఏ పాట పెట్టాలి?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ ఆఖరి పర్యటన కోసం 100 నిమిషాల సెట్ (పాటల వరుస) ఊహించి రాస్తున్నాను. మొదలు, చివర కుదిరాయి: 'హైవే స్టార్'తో ఆరంభం, 'స్మోక్ ఆన్ ద వాటర్'తో ముగింపు, మళ్ళీ పిలిస్తే 'హష్', 'బ్లాక్ నైట్'. చిక్కంతా నడుమనే.

'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' (5:28), 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్' (3:32) పక్కపక్కన పెడితే 9 నిమిషాలు ఊపు తగ్గిపోతోంది. వాటి మధ్య 'లేజీ' (7:19) ఇరికించి చూశాను. అదీ ఆర్గన్‌తోనే మొదలవుతుంది, 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' కూడా అంతే. ముందు కీబోర్డ్ సోలో ఉంది కాబట్టి వరుసగా మూడుసార్లు ఆర్గనే వినిపిస్తోంది. సోలోను వెనక్కి జరిపితే గిటార్ సోలోకి అతుక్కుపోయింది.

'చైల్డ్ ఇన్ టైమ్' మనసుకి ఎంత దగ్గరదైనా వద్దనుకున్నాను. 10 నిమిషాలు దాటుతుంది, పైగా ఆ పైస్థాయి కేకలు 1945లో పుట్టిన గాయకుడు గిలన్ గొంతును అడగడం అన్యాయం. 'బర్న్' గిలన్ తర్వాత వచ్చిన గాయకుడు కవర్‌డేల్ కాలం నాటిది, అదీ పక్కన పెట్టాను.

గిటార్ రిఫ్‌తో (పదేపదే వచ్చే చిన్న బాణీతో) మొదలై, 5 నిమిషాలు మించకుండా, పైస్థాయి కేకలు లేని గిలన్ కాలపు పాట ఏది 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్', 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్' మధ్య సరిపోతుంది?