పైలట్ రాతపరీక్షకు క్వశ్చన్ బ్యాంక్ బట్టీ పడితే సరిపోదా?

క్రాస్‌విండ్_కుర్రాడు:
సూటిగా అడుగుతున్నా. రాతపరీక్షలో వచ్చేవన్నీ ఆప్షన్ల ప్రశ్నలే. క్వశ్చన్ బ్యాంకును మూడు నాలుగుసార్లు తిరగేస్తే ప్రశ్న చూడగానే జవాబు తట్టేస్తుంది. అలాంటప్పుడు ఏరోడైనమిక్స్, మెటియరాలజీ పుస్తకాలు మొదటి పేజీ నుంచి చదవడం దండగ కాదా? విమానం నడపడం ఎలాగూ విమానంలోనే నేర్చుకుంటాం.

క్యూఎన్‌హెచ్1013:
అంకెలు మార్చి ఇస్తే ఏం చేస్తారు? డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి సాంద్రతను బట్టి విమానం ఏ ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుందో ఆ ఎత్తు) లెక్కే చూడండి. ఎయిర్‌ఫీల్డ్ ఎత్తు 2,000 అడుగులు, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసిన అక్కడి గాలి పీడనం) 1003, ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ప్రామాణిక పీడనం 1013 కంటే 10 హెక్టోపాస్కల్స్ తక్కువ ఉంది. ఒక్కోదానికి 30 అడుగుల చొప్పున 300 కలిపితే ప్రెషర్ ఆల్టిట్యూడ్ (ప్రామాణిక పీడనం నుంచి లెక్కించిన ఎత్తు) 2,300. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత, వెయ్యి అడుగులకు 2 డిగ్రీల లెక్కన, 10.4 డిగ్రీలు. అసలు ఉష్ణోగ్రత దానికంటే 24.6 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగులు వేసి కలిపితే దాదాపు 5,250.

ఆ 300 కలపకుండా 2,000లోంచి తీసేశారనుకోండి, సుమారు 4,500 వస్తుంది. ఆ 4,500 కూడా ఆప్షన్లలో ఉండే అవకాశం ఎక్కువ. ప్రశ్నలు తయారు చేసేవాళ్లు తప్పు ఆప్షన్లను గాల్లోంచి తీసుకురారు, మనం ఎక్కడ జారతామో అక్కడి నుంచే తెస్తారు. పీడనం తగ్గితే గాలి పలచబడుతుంది, విమానం ఇంకా పైన ఉన్నట్టే ప్రవర్తిస్తుంది అని తెలిసినవాడికి కలపాలా తీయాలా అన్న సందేహమే రాదు.

చెక్‌లిస్ట్_అన్న:
ఒప్పుకుంటా గానీ, బట్టీ అనగానే ముఖం చిట్లించాల్సిన పని లేదు. ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానాన్ని గుర్తుపట్టించే పరికరం) కోడ్లున్నాయి: 7500 హైజాక్, 7600 రేడియో వైఫల్యం, 7700 ఎమర్జెన్సీ. వీటిలో అర్థం చేసుకునేది ఏముంది? టవర్ లైట్ సిగ్నల్స్ కూడా అంతే. కదలని పచ్చ లైటు గాల్లో ఉన్నవాడికి 'దిగొచ్చు', నేల మీదున్నవాడికి 'టేకాఫ్ కావచ్చు'. మెరిసే పచ్చ అయితే గాల్లో 'ల్యాండింగ్‌కి తిరిగి రా', నేల మీద 'టాక్సీ చేయొచ్చు', అంటే నేల మీదే నడుపుకుంటూ వెళ్లొచ్చు. ఏ సూత్రం నుంచీ ఇవి పుట్టవు. అత్యవసర చర్యలు మరీనూ. ఇంజిన్ ఆగాక కూర్చుని తర్కించే వ్యవధి ఉండదు, చేతికి వచ్చేసి ఉండాలి.

క్యూఎన్‌హెచ్1013:
అన్నా, అక్కడే గీత గీయొచ్చు. మనుషులు కూర్చుని నిర్ణయించినవి (కోడ్లు, సిగ్నల్స్, ఎయిర్‌స్పేస్ పరిమితులు, లైసెన్సు గడువులు) కంఠతా పట్టాల్సిందే. ప్రకృతి నిర్ణయించినవి రాబట్టుకోవాలి. పిటో-స్టాటిక్ చాప్టర్ దీనికి సరైన ఉదాహరణ, బ్యాంకుల్లో ఎన్ని రకాల ప్రశ్నలు దాని మీదే తిరుగుతుంటాయో! బట్టీ పడితే ప్రతి రకమూ ఒక కొత్త జవాబే. నిజానికి గుర్తుంచుకోవాల్సింది ఒక్క వాక్యం: ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ చూపేది పిటో పీడనంలోంచి (ఎదురుగాలి గొట్టంలోకి కొట్టే పీడనం) స్టాటిక్ పీడనం (చుట్టూ ఉన్న గాలి మామూలు పీడనం) తీసేయగా మిగిలిన తేడా.

స్టాటిక్ పోర్టు (స్టాటిక్ పీడనం తీసుకునే రంధ్రం) మూసుకుపోయి పైకి ఎక్కుతున్నారా? లోపల చిక్కుకున్న స్టాటిక్ పీడనం బయటి దానికంటే ఎక్కువ, కాబట్టి తేడా తగ్గి వేగం తక్కువ చూపుతుంది. ఎత్తు చూపే ఆల్టీమీటర్ ఉన్నచోటే ఆగిపోతుంది, ఎక్కే దిగే వేగం చూపే వీఎస్ఐ సున్నా. పిటో రంధ్రం, డ్రెయిన్ రంధ్రం (గొట్టంలోని నీరు పోయే దారి) రెండూ మూసుకుంటే లోపలి పిటో పీడనం మారదు, ఎక్కేకొద్దీ స్టాటిక్ తగ్గుతుంది, సూది పెరుగుతూ పోతుంది. ఆ సూదిని నమ్మి ముక్కు ఇంకా ఎత్తితే స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి). పిటో రంధ్రం మాత్రమే మూసుకుని డ్రెయిన్ తెరిచి ఉంటే సూది సున్నాకు పడిపోతుంది.

క్రాస్‌విండ్_కుర్రాడు:
ఇది బాగుంది. కానీ కంపాస్ టర్నింగ్ ఎర్రర్ (విమానం తిరిగేటప్పుడు దిక్సూచి తప్పు చూపడం)? అయస్కాంత డిప్ (అయస్కాంతం నేలవైపు వంగడం), కార్డు గురుత్వ కేంద్రం, వంపు... అరగంట చదివినా తల తిరగడమే. 'ఉత్తరానికి ముందే ఆపు, దక్షిణానికి దాటాక ఆపు' అని బట్టీ పడితే పని అయిపోతుంది కదండీ?

ల్యాంబర్ట్_రేఖ:
ఆ చాప్టర్‌కి నేను మీ పక్షమే. వివరణకు పట్టే శ్రమ ఎక్కువ, దక్కే మార్కులు తక్కువ. అయితే సూత్రంతోపాటు దాని షరతు కూడా బట్టీ పట్టాలి: అది ఉత్తరార్ధగోళానికే. దక్షిణార్ధగోళంలో తలకిందులవుతుంది, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర డిప్ లేదు కాబట్టి ఈ దోషమూ దాదాపు ఉండదు. ప్రశ్నలో 'దక్షిణార్ధగోళం' అన్న ఒక్క మాట చేరిస్తే చాలు, సగం బట్టీగాళ్లు దొరికిపోతారు.

స్టాల్ వేగానిదీ ఇదే తంతు. '60 డిగ్రీల బ్యాంక్‌లో లోడ్ ఫ్యాక్టర్ 2' (అంత కోణంలో పక్కకు వంగి తిరిగితే రెక్కలు మోసేది బరువుకు రెట్టింపు) అని అందరికీ నోటికొచ్చు. 45 డిగ్రీలు అడిగితే తడబాటు. లోడ్ ఫ్యాక్టర్ అంటే 1 ని బ్యాంక్ కోణం కొసైన్‌తో భాగించడం, అది కూడా ఎత్తు నిలబెట్టి తిరిగినప్పుడు. స్టాల్ వేగం దాని వర్గమూలం మేర పెరుగుతుంది. మామూలుగా 50 నాట్లలో స్టాల్ అయ్యే విమానం 45 డిగ్రీలలో దాదాపు 59 దగ్గర, 60 డిగ్రీలలో దాదాపు 71 దగ్గర స్టాల్ అవుతుంది.

చెక్‌లిస్ట్_అన్న:
క్వశ్చన్ బ్యాంకును పారేయమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. వాడే పద్ధతి మార్చండి. ఆప్షన్లను కాగితంతో మూసి ముందు జవాబు రాయాలి. తరువాత తెరిచి, మిగతా ఆప్షన్లు ఒక్కొక్కటీ ఏ పొరపాటు చేస్తే వస్తాయో చెప్పాలి. చెప్పలేకపోతే జవాబు సరైనదైనా ఆ ప్రశ్న రానట్టే లెక్క, గుర్తు పెట్టుకుని మళ్లీ చేయాలి.

క్రాస్‌విండ్_కుర్రాడు:
అలా చేస్తే ఒక్కో ప్రశ్నకు ఐదు నిమిషాలు పడుతుంది. పరీక్షకు పది రోజులే ఉంటే?

చెక్‌లిస్ట్_అన్న:
అప్పుడు ఆ పద్ధతి పెర్ఫార్మెన్స్, ఇన్‌స్ట్రుమెంట్స్, వెయిట్ అండ్ బ్యాలెన్స్ వరకే ఉంచండి. రెగ్యులేషన్స్ చివరి మూడు రోజుల్లో బట్టీ కొట్టండి. ముందే పడితే పరీక్ష నాటికి అంకెలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.