చేలో నీరు నిలిచి ఉన్నా పత్తి ఎందుకు వాడిపోతోంది?

ప్రశ్న (ఆదిలాబాద్ జిల్లా రైతు):
మాది నల్లరేగడి. ముసురు వెలిసినా సాళ్ల మధ్య నీరు ఇంకలేదు. ఎండ కాయగానే పూత, కాయ మీదున్న పత్తి మొక్కలు ఆకులు వేలాడేశాయి. వేరు చుట్టూ అంత నీరుండగా మొక్క ఎందుకు వాడాలి? పక్క మడిలో వరి పచ్చగానే ఉంది. వెంటనే యూరియా చల్లమంటున్నారు, చల్లవచ్చునా?

జవాబు 1:
నీటిని పైకి లాగేది ప్రధానంగా ఆకులే. వాటి నుంచి నీరు ఆవిరైపోతున్నకొద్దీ ఆ లాగుడు దారునాళాల (నీటిని పైకి మోసే సన్నని గొట్టాల) గుండా వేరు దాకా అందుతుంది, మూలకేశాలు (వేరు మీది సన్నని నూగు) నేలలోని నీటిని తీసుకుంటాయి. అయితే వేరు లోపల అంతశ్చర్మం అనే పొరలోని కణాల గోడల్లో నీటిని పోనివ్వని కాస్పేరియన్ పట్టీ ఉంటుంది కనుక, దారునాళాలను చేరాలంటే నీరు కణపొరలను దాటక తప్పదు. ఆ పొరల్లో నీటికి దారులు ఆక్వాపోరిన్లనే ప్రొటీన్లు; వీటిని కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. మట్టి సందులన్నీ నీటితో నిండితే ఆక్సిజన్ అందదు, ఎందుకంటే అది గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరు కణాల్లో ఆమ్లత్వం పెరిగి ఆ దారులు మూసుకుంటాయి. పైన ఎండకు ఆకులు నీటిని వదులుతూనే ఉంటాయి, అందుకే మొక్క వాడిపోతుంది.

జవాబు 2:
పై వివరణ సరైనదే, కానీ యూరియా సంగతి మిగిలిపోయింది. యూరియాలోని నత్రజని నేలలో చాలావరకు నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్, పొటాషియం వంటివాటిని వేరు చాలావరకు శక్తి ఖర్చుపెట్టి లోపలికి తీసుకోవాలి. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) వస్తాయి, లేకపోతే 2 మాత్రమే. పైగా నీరు నిలిచిన నేలలో బాక్టీరియా నైట్రేట్‌ను వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తుంది. కాబట్టి ఇప్పుడు చల్లే యూరియా చాలావరకు దండగే. ముందు కాలువ తీసి నీటిని బయటకు పంపండి, నేల పదునుకు వచ్చిన తర్వాతే ఎరువు వేయండి. ఈలోగా 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున కలిపి ఆకులపై పిచికారీ చేయవచ్చు.

జవాబు 3:
వరి వేళ్లలో గాలి గదులుంటాయి, ఆకుల నుంచి ఆక్సిజన్ వాటి గుండా వేరు కొస దాకా దిగుతుంది. పత్తికి ఆ ఏర్పాటు దాదాపు లేదు. ఎరువుల కంటే ముందు ఒక మొక్కను పెకలించి చూడండి. పిల్లవేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే కోలుకుంటుంది. నల్లబడి, చేతి వేళ్లతో లాగితే పైతొక్క ఊడివస్తుంటే కుళ్లు మొదలైనట్లే. అప్పుడు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంద్రనాశక మందు) కలిపి మొదళ్లు తడిచేలా పోయాలి.